మా ఇంటి కథలో నిజమెంత? చెన్నపట్నంలో కుటుంబ గాథల జాడ తీసే పద్ధతి

మా నాయనమ్మ ఈ కథ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. "ఎండన్ గుండ్లు పడిన రాత్రి మీ ముత్తాత బొమ్మల కొలువు అలాగే వదిలేసి, పిల్లాజెల్లాతో నెల్లూరు రైలెక్కాడురా. ఊరు ఊరంతా ఖాళీ. మృగాలతోటలో పులుల్ని కూడా కాల్చిపారేశారు. గొడవ సద్దుమణిగి తిరిగొచ్చేసరికి తంబుచెట్టి వీధి ఇల్లు బావగారు తన పేర రాయించేసుకున్నాడు." ఈ ఒక్క కథ వల్ల రెండు కుటుంబాలకి మూడు తరాలుగా మాటల్లేవు. పెళ్లికి పిలిస్తే వచ్చి అక్షింతలు వేసి వెళ్లిపోతారు, భోజనానికి ఉండరు.

ఆ కథ నిజమేనా అని వెతకడానికి నాకు దాదాపు రెండేళ్లు పట్టింది. దారిలో చేసిన తప్పులు, పనికొచ్చిన పద్ధతులు ఇక్కడ రాస్తున్నాను. చెన్నైలో ఉన్న తెలుగువాళ్లకి ఈ విషయంలో ఒక వీలుంది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయేదాకా నెల్లూరు, కడప, గుంటూరు, విశాఖ అన్నీ మద్రాసు కిందే ఉండేవి. మీ పూర్వీకులు ఈ ఊళ్లో ఒక్క రోజు కూడా ఉండకపోయినా, వాళ్ల కాగితం ఇక్కడ ఉండే అవకాశముంది.

కథని ముందు ముక్కలు చేయండి

కథంతా నిజమా అబద్ధమా అని అడిగితే ఎప్పటికీ తేలదు. ఒక్కో వాక్యాన్ని విడిగా రాసుకుని, పక్కన ఇది నిజమైతే ఎక్కడ కాగితం పుట్టి ఉంటుంది అని రాయండి. నా కాగితం ఇలా ఉండేది. ఎండన్ దాడి: తేదీ పత్రికల్లో దొరుకుతుంది. బొమ్మల కొలువు: ఏ నెల? పులుల్ని కాల్చడం: ఎప్పుడు? ఇల్లు ముత్తాతదే: దస్తావేజు. బావగారు రాయించుకున్నాడు: రిజిస్ట్రేషన్. నెల్లూరు వెళ్లారు: ఎవరింటికి?

ఇలా రాసుకోగానే ఒక పగులు కనిపించింది. ఎండెన్ అనే జర్మన్ యుద్ధనౌక మద్రాసు మీద గుండ్లు కురిపించింది 1914 సెప్టెంబర్ 22 రాత్రి. రేవు దగ్గర చమురు ట్యాంకులు తగలబడ్డాయి, జనం వేలల్లో ఊరు విడిచిపోయారు. హైకోర్టు ప్రహరీ దగ్గర గుండు పడిన చోట ఫలకం ఇప్పటికీ ఉంది. కానీ మృగాలతోటలో క్రూరమృగాల్ని కాల్చింది అప్పుడు కాదు, 1942 ఏప్రిల్‌లో. జపాన్ విమానాలు ఏప్రిల్ 5న కొలంబో మీద, 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాక మద్రాసుకీ టెన్షన్ పట్టుకుంది. ప్రభుత్వ ఆఫీసుల్ని లోపలి ఊళ్లకి తరలించారు. బాంబు పడి బోనులు బద్దలైతే పులులు ఊళ్లోకి వస్తాయని భయపడి, వాటిని కాల్చేశారు.

అంటే నాయనమ్మ చెప్పిన ఒక్క రాత్రిలో 28 ఏళ్ల ఎడం ఉంది. ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఆవిడ ఈ ఇంటికి కోడలిగా వచ్చింది 1946లో. రెండూ అత్తగారి నోట విన్నవే. అందుకే కథలో ప్రతి ముక్క పక్కన ఇంకో గడి గీయండి: ఇది చెప్పినవాళ్లు చూశారా, విన్నారా, వింటే ఎవరి దగ్గర?

పెద్దవాళ్ల దగ్గర కూర్చోవడం

కాగితాలు ఎక్కడికీ పోవు. మనుషులు పోతారు. కాబట్టి ఇది ముందు చేయాలి.

"మన వంశం గురించి చెప్పు అత్తయ్యా" అంటే రెండు నిమిషాల్లో ముగిసిపోతుంది, ఎన్నిసార్లు అడిగినా అదే కథ వస్తుంది. వస్తువుల గురించి అడగండి. ఆ ఇంట్లో నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చేవారు? వంటిల్లు ఏ మూల? రాత్రి ఎవరెవరు ఎక్కడ పడుకునేవారు? మా చిన్న నాయనమ్మని, అంటే నాయనమ్మ చెల్లెలిని, ఇల్లు గురించి అడిగితే పాత పాటే పాడింది. మేడ మెట్లు ఎటువైపు ఉండేవి అని అడిగితే మాత్రం కాసేపు ఆగి, "మేడ మీద వాళ్లు అద్దెకుండేవారు కదా, మార్వాడీలు, అద్దె మాత్రం మనకి రాదు" అంది. సొంత ఇంటి అద్దె మనకెందుకు రాదు? తనఖా అనే మాట నా బుర్రలో మొదటిసారి మెదిలింది అప్పుడే.

ఆడవాళ్లని ఎక్కువగా అడగండి. మగవాళ్లకి ఆస్తులు గుర్తుంటాయి, ఆడవాళ్లకి ఎవరింటి ఆడపడుచు ఎవరింటికి వెళ్లిందో, ఏ కాన్పులో ఎవరు పోయారో గుర్తుంటుంది. వంశవృక్షాల్లో ఆడవాళ్లు పేరు లేకుండా మిగిలిపోతారు కాబట్టి ప్రతి ఇల్లాలికీ పుట్టింటి ఇంటిపేరు, పుట్టింటి ఊరు అడిగి రాయండి. మా కేసు తేలింది సగం దానివల్లే.

ఫోన్‌లో రికార్డు చేస్తున్నామని చెప్పి చేయండి. ఒకే రోజు మూడు గంటలు కూర్చోబెట్టకండి, వాళ్లు అలసిపోతారు. వెళ్లి రెండు రోజుల తర్వాత ఫోన్ చేస్తే, "నిన్న రాత్రి గుర్తొచ్చింది" అని అసలు విషయం చెబుతారు.

ఇంట్లోనే ఉన్న సాక్ష్యం

పెట్టెలో కాగితాల కోసం అందరూ వెతుకుతారు. ఇత్తడి సామాను అడుగు ఎవరూ తిప్పి చూడరు. మనవాళ్లు బిందెలు, గంగాళాలు, పళ్లేల మీద పేరు, ఒక్కోసారి సంవత్సరం కొట్టించేవారు. మా అటక మీద ఒక బిందె ఉంది. అడుగున చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు. మసి కడిగి, బియ్యప్పిండి రుద్ది, పక్కనుంచి టార్చి వేస్తే అక్షరాల గుంతల్లో పిండి తెల్లగా నిలబడి చదవడానికి వచ్చింది: ముత్తాత పేరు, కింద 1921. అది పెళ్లిలో సారెగా వచ్చిన బిందె అని అత్తయ్య చెప్పింది.

1921లో పెళ్లయిన మనిషికి 1914లో పిల్లాజెల్లా ఎక్కడిది?

ఇంకా చూడాల్సినవి: శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, ఫోటోల వెనకవైపు స్టూడియో ముద్రలు, జాతక చక్రాలు, పాత పుస్తకాల మొదటి పేజీలో రాసుకున్న పేర్లు, ఎస్ఎస్ఎల్‌సీ పుస్తకం. ఎస్ఎస్ఎల్‌సీలో పుట్టినతేదీని మాత్రం గుడ్డిగా నమ్మకండి. బడిలో చేర్చే రోజున హెడ్మాస్టరు వయసు చాలేలా ఒక తేదీ వేసేసేవాడు. జూన్ 1, జూలై 1 అని ఉంటే మరీ అనుమానించండి. జాతకం దాని కంటే చాలా నయం.

కాగితం దొరికితే లామినేషన్ చేయించకండి, సెల్లోటేపు అంటించకండి. మా నాన్న ప్రేమకొద్దీ ఒక పాత దస్తావేజుని లామినేట్ చేయించాడు. పదేళ్లలో సిరా గోధుమరంగు మరకైపోయింది, ఇప్పుడు ఆ ప్లాస్టిక్ ఊడదు. పగటి వెలుతురులో ఫోటో తీసి, పలచని నూలు గుడ్డలో చుట్టి పెడితే చాలు.

చిత్రభాను అంటే ఏ సంవత్సరం?

ఈ లెక్క రాకపోతే తెలుగు కుటుంబాల పరిశోధన ముందుకు సాగదు. పాతవాళ్లు ఇంగ్లీషు సంవత్సరం రాయరు, సంవత్సరం పేరు రాస్తారు. ప్రభవతో మొదలై అక్షయతో ముగిసే అరవై పేర్ల చక్రం అది. ఒక ప్రభవ 1867లో మొదలైంది, తర్వాతది 1927లో, ఆ తర్వాతది 1987లో. ఆ లెక్కన ధాత 1876, ఆనంద 1914, రౌద్రి 1920, చిత్రభాను 1942. ఉగాది నుంచి ఉగాదికి కాబట్టి జనవరి, ఫిబ్రవరి నెలలు వెనకటి పేరు కిందికే వస్తాయి. తమిళులకీ ఇవే పేర్లు, కాకపోతే వాళ్ల సంవత్సరం ఏప్రిల్ మధ్యలో మారుతుంది. చెన్నైలో రెండు లెక్కలూ కలిసిన ఇళ్లలో ఆ మూడు నాలుగు వారాల దగ్గర జాగ్రత్త. చిత్రభాను 1882 కూడా కావచ్చు, 2002 కూడా కావచ్చు. ఏదో తేల్చుకోవడానికి మనిషి వయసు, పక్కనున్న ఇంకో ఘటన చూడాలి.

భూమి కాగితాల్లో ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, ఉంటుంది. మద్రాసు ప్రాంతపు ఫసలీకి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన జూలై నెల సంవత్సరం వస్తుంది. ఫసలీ 1352 అంటే 1942 జూలై నుంచి 1943 జూన్ దాకా.

ఇక తిథి. చనిపోయిన తేదీ ఎవరికీ గుర్తుండదు, ఆబ్దికం తిథి మాత్రం ఇంటిల్లిపాదికీ తెలుసు. మాసం, పక్షం, తిథి, సంవత్సరం పేరు నాలుగూ దొరికితే పాత పంచాంగం చూసి ఇంగ్లీషు తేదీకి వచ్చేయొచ్చు. ఆ తేదీ పట్టుకుంటే కార్పొరేషన్ మరణాల రిజిస్టరులో వెతకడం సులువు.

కొలువు సంగతి కూడా ఇలాగే తేలింది. 1914లో ఆశ్వయుజ మాసం సెప్టెంబర్ 20న మొదలైంది. ఎండెన్ వచ్చిన 22వ తేదీకి దేవీ నవరాత్రులు మొదలై రెండు రోజులే. కాబట్టి కొలువు పెట్టి ఉండగా పారిపోయారన్న మాట అక్షరాలా నిజం కావచ్చు. ఏప్రిల్ 1942లో కొలువు ఉండే సమస్యే లేదు. ఎవరి కథలోనైనా ఇలాంటి పండగ, పంట, వాన గుర్తులుంటే వదలకండి. మనుషులు సంవత్సరాలు మర్చిపోతారు, మామిడికాయల కాలమా కాదా అన్నది మర్చిపోరు.

ఊరికి సంబంధించిన పెద్ద ఘటనలు మేకుల్లాంటివి, కథని వాటికి తగిలించి చూడండి. "కరువులో ఇల్లు విడిచి వచ్చాం" అంటే చాలాసార్లు 1876–78 నాటి ధాత కరువు. "బ్యాంకు మునిగి ఆస్తి పోయింది" అంటే 1906 అక్టోబరులో కూలిన అర్బత్నాట్ బ్యాంకు కావచ్చు, మద్రాసులో ఎందరో మధ్యతరగతివాళ్ల డబ్బు అందులో పోయింది. "విషజ్వరంలో ఒకే నెలలో ముగ్గురు పోయారు" అంటే 1918 ఇన్‌ఫ్లుయెంజా అయ్యే అవకాశం ఎక్కువ.

తాత పేరే మనవడికి: అసలు చిక్కు ఇక్కడే

మన ఇళ్లలో కథలు చెడిపోవడానికి అన్నిటికంటే పెద్ద కారణం అబద్ధాలు కాదు, తాత పేరు మనవడికి పెట్టడం. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు, తరం వదిలి తరంలో మళ్లీ వస్తాయి. రెండు తరాలు గడిచాక ఆ ఇద్దరూ కథలో ఒక్కడైపోతారు. తాత చేసిన దానం మనవడి ఖాతాలో, మనవడి అప్పు తాత ఖాతాలో పడిపోతాయి.

మా తాతయ్య తన తండ్రి ఆబ్దికం కోసం రాసుకున్న చిన్న నోటుబుక్కు ఒకటి దేవుడి గూట్లో దొరికింది. మంత్రంలో తండ్రి, తాత, ముత్తాత ముగ్గురి పేర్లూ గోత్రంతో చెప్పాలి కదా, తడబడకుండా రాసిపెట్టుకున్నాడు. మొదటి పేరూ మూడో పేరూ ఒకటే. మూడో పేరు పక్కన పెన్సిలుతో "రౌద్రి, మార్గశిర బహుళ సప్తమి" అని ఉంది. ఇంకేముంది, బిందె మీద పేరు మనవడిది. 1914లో కొలువు వదిలి పారిపోయింది తాత. ఆయన రౌద్రిలోనే, 1920లోనో 1921 మొదట్లోనో, పోయాడు. 1942లో ఊరు విడిచింది మనవడు, అంటే నా ముత్తాత. నాయనమ్మ కథలో ఒక్క ముత్తాత ఉన్నాడు, నోటుబుక్కులో ఇద్దరున్నారు.

మీరూ ఇదే చేయండి. కర్మలు చేసే పెద్ద కొడుకుని గానీ, ఇంటి పురోహితుణ్ణి గానీ ఆ మూడు పేర్లూ అడగండి. తల్లివైపు మూడు తరాలు చెప్పే ఆనవాయితీ ఉంటే అవీ రాసుకోండి. ఎవరైనా గయలోనో కాశీలోనో పిండాలు పెట్టి ఉంటే, అక్కడి పండాల పుస్తకాల్లో ఊరు, వంశం పేరు మీద రాసిన వివరాలు, కొన్నిసార్లు పూర్వీకుల చేవ్రాలే దొరుకుతుంది.

తరవాత ఒకే పేరున్న ప్రతి మనిషికీ విడిగా ఒక పేజీ. దొరికిన ప్రతి కాగితాన్నీ, ఇది ఎవరిది అని తేలేదాకా ఎవరి పేజీలోనూ వేయకండి, మధ్యలో ఒక "తేలనివి" పేజీలో ఉంచండి. నేను ఆ ఓపిక లేక ఆరు నెలలు తాత కాగితాలతో మనవణ్ణి వెతికాను.

ఇంటిపేరే మారిపోయిందనిపిస్తే దత్తత గానీ ఇల్లరికం గానీ ఉందేమో చూడండి. దత్తత వెళ్లినవాడికి ఇంటిపేరూ గోత్రమూ రెండూ మారతాయి. ఇల్లరికపు అల్లుడికి ఆస్తి ఇవ్వడం తెలుగు జిల్లాల్లో కొన్ని కులాల్లో ఆచారం, మద్రాసు కోర్టులు కూడా దాన్ని గుర్తించాయి. ఇక చెన్నైలో మనవాళ్లు చాలామంది ఇంటిపేరు వదిలేసి తండ్రి పేరు మొదటి అక్షరం పెట్టుకున్నారు. అందుకని సూచికల్లో ఇంటిపేరు కింద దొరక్కపోతే నిరుత్సాహపడొద్దు. తమిళ లిపిలో రాసిన రికార్డుల్లో క, గ ఒకటే అక్షరం, ప, బ, భ ఒకటే అక్షరం. గోపాల్ కోసం కోపాల్ దగ్గర కూడా చూడాలి. ఇంగ్లీషులో నాయుడికి మూడు నాలుగు వర్ణక్రమాలున్నాయి, చెట్టి ఒకచోట చెట్టి, ఒకచోట చెట్టియార్.

సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో

ఆస్తి గురించిన కథలన్నిటికీ ఇది చివరి గడప. ఈ రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ 1864 నుంచి ఉంది. ఇప్పుడు నడుస్తున్న చట్టం 1908 నాటిది.

ఒక ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితానే ఈసీ అంటారు, చెన్నైలో దాన్ని విల్లంగం సర్టిఫికెట్ అంటారు. ఇటీవలి దశాబ్దాలవి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోనే చూడొచ్చు. పాతవాటికి ఆఫీసుకి వెళ్లి దరఖాస్తు పెట్టి, వెతికే కాలానికి ఫీజు కట్టాలి. వెళ్లేముందు తెలుసుకోవాల్సింది ఏమిటంటే, అక్కడ రికార్డు కొన్ని పుస్తకాలుగా ఉంటుంది. స్థిరాస్తి దస్తావేజులు 1వ పుస్తకంలో, వీలునామాలు 3వ పుస్తకంలో, మిగతావి 4వ పుస్తకంలో. 1వ పుస్తకం నుంచి నకలు ఎవరైనా ఫీజు కట్టి తీసుకోవచ్చు, మీకు ఆ ఆస్తిలో హక్కు ఉండక్కర్లేదు. వీలునామా నకలు రాసినవాళ్లు బతికుండగా వాళ్లకే ఇస్తారు, పోయాక ఎవరడిగినా ఇస్తారు. 4వ పుస్తకంలోవి అందులో పార్టీలుగా ఉన్నవాళ్లకీ, వాళ్ల వారసులకీ మాత్రమే. ఈ తేడా తెలిసి మాట్లాడితే కౌంటరు దగ్గర మర్యాద పెరుగుతుంది.

సర్వే నంబరు తెలియకపోతే పేర్ల సూచికలో వెతకమనండి. పేర్లకి ఒక సూచిక, ఆస్తులకి ఇంకొకటి ఉంటాయి. ఇంటి నంబరుని నమ్ముకోకండి. చెన్నైలో ప్రతి గేటు మీదా పాత నంబరు, కొత్త నంబరు అని రెండు కనిపిస్తాయి కదా, ఆ "పాత" కంటే పాతది కూడా ఉంటుంది. పాత సర్వే నంబరు, రీసర్వే నంబరు దస్తావేజు షెడ్యూల్లో ఉంటాయి, వాటిని పట్టుకోండి. అవీ లేకపోతే హద్దులు చూడండి. తూర్పున ఫలానావారి ఇల్లు, పడమట సందు, ఉత్తరాన ఫలానావారి గోడ. నాకు తనఖా కాగితంలో ఒక నంబరు, విక్రయంలో ఇంకో నంబరు వచ్చాయి. రెండింట్లోనూ దక్షిణపు హద్దు ఒకే గుడి మండపం. ఇల్లు ఒకటే అని అలా తేలింది.

నేను వెళ్లిన ఆఫీసులో మొదటిసారి "ఆ వాల్యూమ్ చెదలు తినేసింది సార్" అన్నారు. రెండోసారి బైండింగుకి వెళ్లిందన్నారు. మూడోసారి, వెతకాల్సిన నెలలు మూడే అని స్పష్టంగా రాసి, ఇద్దరి పేర్లూ మూడు రకాల వర్ణక్రమాల్లో రాసిచ్చాను. పది రోజుల్లో నకలు వచ్చింది. నా అనుభవంలో, ముప్పై ఏళ్లు వెతకమంటే ఎవరూ వెతకరు, మూడు నెలలంటే వెతుకుతారు. ఆ మూడు నెలలకి కుదించుకోవడానికే పైన చెప్పిన తంటాలన్నీ.

వచ్చేది గుమస్తా పుస్తకంలోకి ఎక్కించిన ప్రతి. అందులో సంతకం మీ తాతది కాదు, గుమస్తా రాసిన పేరు. చేతిరాత చూసి మురిసిపోకండి. పాత తెలుగు దస్తావేజులు గొలుసుకట్టు రాతలో, మాటకీ మాటకీ మధ్య ఎడం లేకుండా ఉంటాయి. ముందు మీకు తెలిసిన పేర్లు గుర్తుపట్టి, అందులోని అక్షరాల రూపం పట్టుకుని మిగతావి చదవాలి. దస్తూరి అంటే చేతిరాత, దాని పక్కన ఉండేది రాసినవాడి పేరు. నిశాని అంటే సంతకం రానివాళ్ల గుర్తు. సాక్షుల పేర్లు తప్పకుండా రాసుకోండి, వాళ్లు సాధారణంగా బంధువులో పొరుగువాళ్లో అయి ఉంటారు.

మాకు దొరికింది క్రయ దస్తావేజు, 1942 జూన్ నెలది. అమ్మినవాళ్లు ముత్తాత, ఆయన తమ్ముడు, ఇద్దరూ. కొన్నది బావగారు, అంటే ముత్తాత అక్క భర్త. "మా కుటుంబ అవసరముల నిమిత్తమున్ను, 1936లో మేము చేసిన స్వాధీన తనఖా బాకీ తీర్చుట నిమిత్తమున్ను" అని ఉంది. స్వాధీన తనఖా అంటే వడ్డీకి బదులు ఇల్లే అప్పిచ్చినవాడి చేతిలో ఉంటుంది, అద్దె అతనికే పోతుంది. మేడ మీద మార్వాడీల అద్దె మనకి ఎందుకు రాలేదో అర్థమైంది కదా. బాంబుల భయంతో ఊరు ఖాళీ అయిన ఆ నెలల్లో జార్జ్‌టౌన్‌లో ఇల్లు కొనేవాడే లేడు. బావగారు తక్కువకే కొన్నాడు, అది నిజం. దొంగతనంగా రాయించుకున్నాడన్నది నిజం కాదు.

దస్తావేజులో రాసిన ధరని మాత్రం పూర్తిగా నమ్మకూడదు. స్టాంపు ఖర్చు తగ్గించుకోవడానికి తక్కువ రాయడం అప్పుడూ ఉంది.

హైకోర్టు, ఎగ్మూరు, పత్రికలు

వీలునామా కథలుంటే హైకోర్టు సంగతి గుర్తుంచుకోండి. మద్రాసు నగరంలో రాసిన, లేదా ఇక్కడి స్థిరాస్తికి సంబంధించిన హిందువుల వీలునామాలకి 1870 నాటి చట్టం వచ్చాక చాలాకాలం ప్రొబేటు, అంటే వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ, తప్పనిసరిగా ఉండేది. ప్రొబేటు పిటిషన్‌లో దగ్గరి వారసుల పేర్లు, చుట్టరికాలు ఉంటాయి. ఒక్క పిటిషన్ దొరికితే సగం వంశవృక్షం దొరికినట్టే.

ఎగ్మూరు స్టేషను ఎదుట ఎర్ర భవనంలో ఉన్న తమిళనాడు ఆర్కైవ్స్‌లో ప్రెసిడెన్సీ కాలపు ప్రభుత్వ ఉత్తర్వులు, రెవెన్యూ బోర్డు వ్యవహారాలు ఉన్నాయి. గుర్తింపు కార్డు, ఏ విషయం మీద వెతుకుతున్నారో చెప్పే ఉత్తరం పట్టుకెళ్లండి. అక్కడ పేరుతో వెతకడం కష్టం. ఏడాది సూచిక తీసి శాఖ, జిల్లా, విషయం వరసలో వెతకాలి. మీ పూర్వీకుడు ప్రభుత్వోద్యోగి అయితేనో, ప్రభుత్వానికి అర్జీ పెట్టుకుని ఉంటేనో దొరికే అవకాశం బాగుంటుంది. మామూలు ఇంటి గొడవకి అక్కడ సమయం పెట్టడం నేనైతే సలహా ఇవ్వను.

1896లో తెరిచిన కన్నెమరా లైబ్రరీ ఎగ్మూరులోనే, నడిచే దూరంలో ఉంది. ఆంధ్రపత్రిక 1914 ఏప్రిల్ 1 నుంచి మద్రాసులో దినపత్రికగా వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికల్ని డిజిటైజ్ చేసింది. ఎండెన్ వారం సంచికలు చూస్తే ఆ రోజుల భయం తెలుగులోనే చదవొచ్చు. జనాభా లెక్కల మీద ఆశ పెట్టుకోకండి. ఇంటింటి వివరాలు మన దేశంలో చూడనివ్వరు.

కార్పొరేషన్ జనన రిజిస్టరులో బిడ్డ పేరు ఉండకపోవచ్చు. "ఆడ శిశువు" అని, తండ్రి పేరు, వీధి ఉంటాయి. వీధి, తండ్రి పేరు పట్టుకుని వెతకాలి.

వేరే రకం కథలు

"మా తాత రంగం వెళ్లి అక్కడే ఇంకో సంసారం పెట్టాడు." కోస్తా జిల్లాల్లో ఈ కథ లేని ఊరు తక్కువ. రంగం, అంటే బర్మాలోని రంగూన్‌కి మనవాళ్లు ఎక్కువగా మేస్త్రీల కింద వెళ్లారు కాబట్టి కూలీ ఒప్పందపు పాసులు ఉండవు. ఉత్తరాలు, మనియార్డరు రసీదులు, అదే మేస్త్రీ కింద వెళ్లిన పొరుగు కుటుంబాలే ఆధారం. కానీ పోయింది దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కో ఫిజీకో అయితే కథ పూర్తిగా వేరు. 1860 నుంచి 1911 దాకా నేటాల్ వెళ్లిన ఓడల జాబితాల్లో మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీద మచ్చలు కూడా రాశారు. అందుకని మొదటి ప్రశ్న ఏ రేవుకి వెళ్లాడు అన్నదే. ఇంట్లో మాత్రం అన్ని సముద్రాలూ రంగమే.

"రాజుగారు మనకి ఊరు రాసిచ్చారు" అనే కథకి 1858లో మొదలైన ఇనాం కమిషన్ రిజిస్టర్లు చూడాలి. ఇనాం ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది అన్నవి గళ్లు గళ్లుగా ఉంటాయి. ఆంధ్ర జిల్లాలవి చాలావరకు ఇప్పుడు అటువైపు ఉన్నాయి. ఊరి మీదే ఏదైనా గాథ ఉంటే కల్నల్ మెకంజీ, కావలి సోదరులు సేకరించిన కైఫీయతుల్లో, అంటే ఊళ్ల చరిత్రల్లో, ఆ ఊరు ఉందేమో చూడండి. కడప జిల్లావి అచ్చయ్యాయి. కైఫీయతు కూడా అప్పటి కరణం చెప్పిన కథే, సాక్ష్యం కాదు. మన కథకి అది 1810 నాటి రూపం, అంతే.

"జైలుకెళ్లాడు" అంటే 1972లో వచ్చిన స్వాతంత్ర్య సమరయోధుల పింఛను కోసం పెట్టిన దరఖాస్తు ఉందేమో అడగండి, దాంతో జైలు సర్టిఫికెట్ జతచేసి ఉంటారు. "యుద్ధంలో పోయాడు" అంటే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో పేరు వెతకొచ్చు, పైసా ఖర్చు లేదు.

డీఎన్ఏ పరీక్ష గురించి చాలామంది అడుగుతారు. మన ఇళ్లలో మేనరికాలు, అక్క కూతురితో పెళ్లిళ్లు ఉన్నాయి కాబట్టి దూరపు చుట్టం కూడా దగ్గరి చుట్టంలా కనిపిస్తాడు. కంపెనీ "రెండో కజిన్" అంటే దాన్ని అలాగే నమ్మొద్దు. డబ్బు దాచుకుని నకళ్లకి కట్టండి. మేనరికాల వల్ల వంశవృక్షం గీయడం కూడా చిక్కే, ఒకే మనిషి రెండు కొమ్మల మీద కనిపిస్తాడు. గ్రాంప్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దీన్ని బాగానే తట్టుకుంటుంది.

తేలిన విషయం ఇంట్లో చెప్పడం

దత్తతలు, రెండో పెళ్లిళ్లు, కులాంతరాలు బయటపడతాయి. బతికున్నవాళ్లకి తగిలేది ఏదైనా ముందు వాళ్లకి విడిగా చెప్పండి. కుటుంబ వాట్సాప్ గ్రూపులో నకలు ఫోటో పెట్టడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. నేను అదే చేశాను. సాయంత్రానికి ఇద్దరు గ్రూపులోంచి వెళ్లిపోయారు.

తరవాత బుద్ధొచ్చి, బావగారి మనవడి ఇంటికి పెరంబూరు వెళ్లాను. వాళ్లింట్లో ఉన్న కథ ఏమిటో తెలుసా? "మీ ముత్తాత అప్పుల్లో మునిగితే మా తాత నగలు అమ్మి ఆ ఇల్లు కొని ఆదుకున్నాడు, మీవాళ్లు ఒక్క మంచి మాట అనలేదు." నగలకి కాగితం లేదు. అది నా దగ్గర "తేలనివి" పేజీలో ఉంది.

కిందటి దసరాకి వాళ్లనీ పిలిచి చిన్న నాయనమ్మ ఇంట్లో నకలు గట్టిగా చదివాను. ఆవిడకి తొంభై దాటాయి, చెవులు మాత్రం పదునే. ఆఖరిదాకా విని, కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"సరేరా, ఇల్లు అమ్ముకున్నారు. ఒప్పుకున్నాం. మరి ఆ కొలువు బొమ్మలు ఎవరింట్లో ఉన్నాయి?"

పెరంబూరు పెద్దమ్మ కాఫీ గ్లాసు వంక చూస్తూ కూర్చుంది.